మూడు సర్వర్లు, మూడు టైములు

ఈ సంచికలో తీసుకున్న ప్రశ్నలన్నీ క్లస్టర్లలో, అంటే కలిసి ఒకే వ్యవస్థగా పనిచేసే సర్వర్ల గుంపుల్లో, గడియారాల గురించే. ఆ గుంపులో ఒక్కో మిషన్ ఒక నోడ్. కమాండ్లనూ సెట్టింగులనూ పలికే తీరులో తెలుగు లిపిలో ఇస్తున్నాం. టైపు చేసేది మామూలుగా ఇంగ్లీషులోనే.

ప్రశ్న: రొయ్యల చెరువుల ఆక్సిజన్ రీడింగులు, ఏరేటర్ల సెట్టింగులు మూడు నోడ్ల కసాండ్రా డేటాబేస్‌లో పెట్టాం. ఏరేటర్ ఆన్ అవ్వాల్సిన హద్దును రైతు 4 పీపీఎం నుంచి 5కి మారుస్తాడు. ‘సేవ్ అయింది’ అని వస్తుంది. మళ్లీ తెరిస్తే 4 ఉంటుంది. ఎర్రరేమీ లేదు. ఒక్కోసారి తీసేసిన చెరువు కూడా మళ్లీ జాబితాలో కనబడుతోంది. మూడు మిషన్లలో టైము చూస్తే రెండు మూడు సెకన్ల తేడా, అంతే. ఇంత చిన్నదాని వల్లే అంటారా?
— ఒక డెవలపర్, భీమవరం

జవాబు: దానివల్లే. కసాండ్రా ప్రతి విలువతో పాటు అది రాసిన టైమును మైక్రోసెకన్లలో దాచుకుంటుంది. ఒకే గడికి రెండు విలువలు ఎదురైతే ఏది ముందు చేరింది, ఏది తర్వాత చేరింది అని చూడదు. ఎవరి టైముముద్ర పెద్దదో ఆ విలువ ఉంటుంది, రెండోది పోతుంది. దాని దృష్టిలో ఇది తప్పు కాదు కాబట్టి లాగ్‌లో కూడా ఏమీ రాయదు. 3 సెకన్లు ముందున్న మిషన్ సరిగ్గా 10 గంటలకు 4 అని రాస్తే దాని ముద్ర 10:00:03. అసలు టైము ప్రకారం 2 సెకన్ల తర్వాత ఇంకో మిషన్ మీదుగా వచ్చిన 5కి ముద్ర 10:00:02. గెలిచేది 4. తీసివేత కూడా ముద్ర ఉన్న రాతే కనుక చెరువు విషయంలోనూ ఇదే జరగొచ్చు. అయితే దానికి రెండో కారణం కూడా ఉంది: ఏదైనా నోడ్ 10 రోజులకు మించి ఆగిపోయి, రిపేర్ (నోడ్ల డేటాను సరిపోల్చి కలిపే పని) నడపకుండా తిరిగి కలిస్తే తీసేసినవి లేచి వస్తాయి. ఆ 10 రోజులు జీసీ గ్రేస్ (తీసివేత గుర్తును ఉంచుకునే గడువు) డిఫాల్టు. ముందు అది కాదని తేల్చుకోండి.

చాలామంది వదిలేసే సంగతి ఒకటుంది. ఇప్పటి డ్రైవర్లు (యాప్‌ను డేటాబేస్‌కు కలిపే లైబ్రరీలు) చాలావరకు టైముముద్రను క్లయింటు వైపే వేస్తాయి. అంటే మీ మూడు డేటాబేస్ నోడ్లు ఎంత కలిసి ఉన్నా, యాప్ నడిచే సర్వర్లు రెండు విడివిడి టైముల్లో ఉంటే ఇదే గొడవ. కాబట్టి కింద చెప్పేదంతా యాప్ సర్వర్లకూ చేయాలి.

సర్వర్ గడియారాన్ని నడిపేది క్వార్ట్జ్ స్ఫటికం. మామూలు బోర్డుల్లో అది పదుల పీపీఎం తప్పడం సహజం. మీ ఆక్సిజన్ లెక్క లాగే ఇదీ పది లక్షల్లో ఎన్ని వంతులన్నదే. 20 పీపీఎం అంటే రోజుకు 1.7 సెకన్లు. ఒకటి అటు, ఒకటి ఇటు నడిస్తే వారంలో 24 సెకన్ల ఎడం. మీకు రెండు మూడు సెకన్ల దగ్గరే ఆగిందంటే ఎవరో మధ్యమధ్యలో సరిచేస్తున్నారన్నమాట. క్రాన్‌లో (వేళకు పనులు నడిపే సదుపాయం) రోజుకోసారి టైము సరిచేసే ఎన్‌టీపీడేట్ నడిపే పాత అలవాటు ఉందేమో చూడండి. ఉంటే వెంటనే తీసేయండి. అది ముందుకు పోయిన గడియారాన్ని ఒక్కసారిగా వెనక్కి గెంటుతుంది, ఆ క్షణం తర్వాత రాసినవన్నీ కాసేపు పాత రాతల చేతిలో ఓడిపోతాయి.

ఇక చేయాల్సింది. ఒక్కో మిషన్‌లో నెట్‌వర్కు మీద టైము తెచ్చి గడియారాన్ని సరిచేసే క్రోనీడీ, ఎన్‌టీపీడీ, సిస్టమ్‌డీ-టైమ్‌సింక్‌డీ మూడింటిలో ఏవేవి నడుస్తున్నాయో చూసి ఒక్క క్రోనీడీనే ఉంచండి. రెండు కలిసి నడిస్తే ఒకే గడియారాన్ని చెరోవైపు లాగుతాయి. తర్వాత ఆఫీసులో ఎప్పుడూ ఆన్‌లో ఉండే రెండు మిషన్లను టైము ఇచ్చేవిగా పెట్టుకోండి. వాటి క్రోనీ సెట్టింగుల ఫైలులో ‘అలౌ’ లైనుతో మీ లోపలి నెట్‌వర్కుకు అనుమతి ఇచ్చి, ఫైర్‌వాల్‌లో యూడీపీ 123 తెరవండి. ఈ రెండూ బయట నాలుగు సర్వర్లను అడగాలి. రెండే ఉండి అవి రెండు మాటలు చెబితే ఏది తప్పో తేలదు. మూడుంటే తేలుతుంది, నాలుగుంటే ఒకటి పడిపోయినా తేలుతుంది. క్లస్టర్ నోడ్లు, యాప్ సర్వర్లు లోపలి రెంటినీ ‘ప్రిఫర్’ తగిలించి అడగాలి. బయటివి రెండింటిని సాక్షులుగా కింద రాయండి. లోపలి సర్వర్ల లైన్లకు మాత్రం ‘మిన్‌పోల్ 4 మ్యాక్స్‌పోల్ 6’ ఇవ్వండి, 16 నుంచి 64 సెకన్లకోసారి అడుగుతాయి. బయటి ప్రజా సర్వర్లను అంత తరచుగా అడగడం మర్యాద కాదు.

ఇక అదే ఫైలులో ‘మేక్‌స్టెప్ 1.0 3’ లైను. తేడా 1 సెకను దాటితే మొదటి మూడు సవరణల్లో మాత్రమే గెంతమని దీని అర్థం. ఆ తర్వాత ఎంత తేడా వచ్చినా గడియారాన్ని కాస్త వేగంగానో నెమ్మదిగానో నడిపి కలుపుతుంది తప్ప వెనక్కి గెంతదు. ఈ 3 స్థానంలో -1 పెడితే ఎప్పుడైనా గెంతుతుంది. డేటాబేస్ ఉన్న మిషన్‌లో అది వద్దు.

పది నిమిషాలాగి ‘క్రోనీసీ సోర్సెస్’ కొట్టండి. నక్షత్రం గుర్తున్నది ప్రస్తుతం నమ్ముతున్న సర్వరు. ఇంటూ గుర్తుంటే అది అబద్ధం చెబుతోందని మిగతావాటి తీర్పు. రీచ్ కింద 377 ఉంటే గత ఎనిమిది ప్రయత్నాలూ అందాయని. అది ఆక్టల్ (ఎనిమిదింటి లెక్కలోని) అంకె, 400కి ఎందుకు పెరగడం లేదని కంగారు పడకండి.

ముందుకు పోయిన నోడ్‌ను నడుస్తుండగా సరిచేయొద్దు. దాన్ని డ్రెయిన్ చేసి (ఉన్న రాతలు డిస్కుకు చేర్చి, కొత్తవి తీసుకోకుండా చేసి) కసాండ్రాను ఆపి, ‘క్రోనీసీ మేక్‌స్టెప్’ కొట్టి, కలిశాక మళ్లీ లేపండి. ఇంతా చేశాక ఒక అవశేషం మిగలొచ్చు. ఏదో ఒకరోజు బ్యాటరీ పోయిన మిషన్ ఏ 2036లోనో లేచి కొన్ని రాతలు రాసి ఉంటే, గడియారం బాగుపడ్డా ఆ విలువలు 2036 దాకా ఎవరికీ ఓడవు. రైట్‌టైమ్ ఫంక్షన్‌తో అలాంటి గడులను వెతికి, ‘యూజింగ్ టైమ్‌స్టాంప్’ ఇచ్చి, ఆ ముద్ర కన్నా ఒకటి ఎక్కువ వేసి సరైన విలువను రాయాలి. ఆ గడిలో తర్వాత మార్పులకూ అదే తిప్పలు. కనుక వీలైతే కొత్త కీతో కొత్త వరస రాసుకుని పాతదాన్ని వదిలేయడం మేలు.

ప్రశ్న: మాది మూడు మానిటర్ల (క్లస్టర్ స్థితిని చూసుకునే సర్వీసులు) సెఫ్ స్టోరేజీ క్లస్టర్. కరెంటు పోయి యూపీఎస్ కూడా దిగిపోయాక మళ్లీ ఆన్ చేస్తే ‘క్లాక్ స్క్యూ డిటెక్టెడ్’ (గడియారాల్లో తేడా ఉంది) అని వస్తోంది. పావుగంటో అరగంటో అయ్యాక తనే పోతోంది. మొన్న మే నెలలో కరెంటు పోకుండానే ఒక మధ్యాహ్నం వచ్చింది. ఎండకేనా? హద్దు పెంచేస్తే సరిపోతుందా?
— సిస్టమ్స్ చూసే ఉద్యోగి, రాజమహేంద్రవరం

జవాబు: పెంచకండి. మానిటర్ల మధ్య అనుమతించే తేడా డిఫాల్టుగా 0.05 సెకను, అంటే 50 మిల్లీసెకన్లు. మానిటర్లు ఒకదానికొకటి ఇచ్చుకునే లీజుల (కొంతసేపే చెల్లే అనుమతుల) గడువు గడియారాన్ని బట్టే నడుస్తుంది. ఒకే గదిలో, ఒకే స్విచ్ మీద ఉన్న మిషన్లు ఒక్క మిల్లీసెకను లోపు ఉండాలి. 50 దాటిందంటే హద్దు తక్కువై కాదు, ఎక్కడో టైము అందడం లేదు.

కరెంటు పోయినప్పటి సంగతి బోర్డు మీద బ్యాటరీది. ప్లగ్ పెట్టి ఉన్నంతసేపూ, మిషన్ ఆపి ఉన్నా, లోపలి గడియారం మెయిన్స్ మీదే నడుస్తుంది. పూర్తిగా కరెంటు పోయినప్పుడే సీఆర్2032 బిళ్ల పని మొదలవుతుంది. అందుకే బ్యాటరీ చచ్చిన సంగతి నెలల తరబడి తెలియదు, కరెంటు పోయిన రోజునే బయటపడుతుంది. పరీక్ష సులువు: మిషన్ ఆపి, కేబుల్ పీకి, గంటసేపు వదిలి, తిరిగి పెట్టి నేరుగా బయోస్‌లోకి వెళ్లి ఫోన్ టైముతో పోల్చండి. తేడా నిమిషాల్లో ఉంటే బిళ్ల మార్చాల్సిందే. మల్టీమీటర్‌తో కొత్త బిళ్ల 3.2 వోల్టుల దగ్గర చూపిస్తుంది, 2.8 కిందికి దిగితే నమ్మొద్దు. మన వైపు తేమకు బ్యాటరీ కూర్చునే రేకు కూడా పచ్చబారుతుంది. బిళ్ల మార్చేటప్పుడు దాన్నీ తుడవండి. మూడు మిషన్లూ ఒకసారి కొన్నవైతే మూడింటికీ ఒకేసారి మార్చండి.

బిళ్ల బాగున్నా రెండో చిక్కు ఉంది. కరెంటు వచ్చాక సర్వర్లు రెండు నిమిషాల్లో లేస్తాయి, రౌటరు, ఫైబర్ పెట్టె కలవడానికి ఐదు నిమిషాలు పడుతుంది. టైము అందకముందే మానిటర్లు మొదలైపోతాయి. దీనికి ‘క్రోనీ-వెయిట్’ సర్వీసును ఎనేబుల్ చేయండి. గడియారం కలిసేదాకా, డిఫాల్టుగా గరిష్ఠంగా మూడు నిమిషాలు, అది ‘టైమ్-సింక్ టార్గెట్’ను ఆపి ఉంచుతుంది. మీ రౌటరుకు అంతకన్నా ఎక్కువ పడితే ఆ గడువు పెంచండి. మానిటర్ సర్వీసు ఫైలులో ‘ఆఫ్టర్’ వరసలో ఆ టార్గెట్ ఉందో లేదో చూసి, లేకపోతే చేర్చండి. చేత్తో లేపే అలవాటుంటే ముందు ‘క్రోనీసీ వెయిట్‌సింక్ 60 0.01’ కొట్టండి. తేడా 10 మిల్లీసెకన్ల లోపుకు వచ్చేదాకా, పది సెకన్లకోసారి చొప్పున 60 సార్లు చూస్తుంది.

హెచ్చరిక ఆలస్యంగా పోవడానికి సెఫ్ వైపు కూడా కొంత కారణం ఉంది. మామూలుగా మానిటర్లలో లీడర్ 300 సెకన్లకోసారే పోల్చి చూస్తుంది, తేడా కనబడ్డాక దగ్గర దగ్గరగా చూస్తుంది. గడియారాలు కలిశాక కూడా కాసేపు అది తెర మీద ఉండొచ్చు. ఈలోగా మానిటర్లను రీస్టార్ట్ చేసి లాభం లేదు. ‘సెఫ్ టైమ్-సింక్-స్టేటస్’లో ఎవరు ఎంత తేడాలో ఉన్నారో చూడండి.

మే నెల విషయం. ఎండ ఒక్కటే ఆ పని చేయలేదు. వేడికి స్ఫటికం 5 పీపీఎం మారిందనుకుందాం. క్రోనీ ఎంత బద్ధకంగా 1,024 సెకన్లకోసారి అడిగినా అంతలో చేరేది 5 మిల్లీసెకన్లు. అదే 5 పీపీఎంతో మూడు గంటలు ఎవరూ సరిచేయకపోతే 54 మిల్లీసెకన్లు, హద్దు దాటింది. ఆ మధ్యాహ్నం ఆ మిషన్‌కు టైము సర్వర్లు అందలేదని, అదే సమయంలో ఏసీ ఆగిందని మా అనుమానం. క్రోనీ లాగ్‌లో ‘కాంట్ సింక్రనైజ్’ అన్న లైను కోసం ఆ తేదీన వెతకండి.

ప్రశ్న: కోల్డ్ స్టోరేజీల ఉష్ణోగ్రతల డేటా మాది. ఫైబర్ తెగితే 4జీ మీదకు మారుతుంది, అప్పుడు నోడ్ల టైములు 20, 30 మిల్లీసెకన్లు ఊగుతాయి. తుపాను వస్తే ఆ రెండూ కూడా రెండు మూడు రోజులు ఉండవు. ఇంటర్నెట్ మీద ఆధారపడకుండా టైము ఎలా?
— రాజోలు నుంచి ఒక పాఠకుడు

జవాబు: ఊగడం ఎందుకో ముందు చూద్దాం. సఖినేటిపల్లి రేవు నుంచి నరసాపురం పంటు మీద వెళ్లి రావడానికి మొత్తం 40 నిమిషాలైందనుకోండి. ఎదురునీటికి వెళ్లడానికి 30, రావడానికి 10 పట్టినా, మీ చేతిలో మొత్తం ఒక్కటే ఉంటే సగం సగం అనుకోవడం తప్ప గతి లేదు. నెట్‌వర్కు మీద టైము అడిగే పద్ధతి ఎన్‌టీపీ చేసేదీ అంతే. మీ నోడ్ తన గడియారంలో 100 దగ్గర ప్రశ్న పంపింది. సర్వర్ తన గడియారంలో 250 దగ్గర అందుకుని 251 దగ్గర జవాబిచ్చింది. మీకు 141 దగ్గర చేరింది. అన్నీ మిల్లీసెకన్లు. ప్రయాణం (141-100)-(251-250), అంటే 40. తేడా (150+110)÷2, అంటే 130. మీ నోడ్ 130 వెనకుందని తీర్పు. నిజానికి వెళ్లడానికి 30, రావడానికి 10 పట్టి ఉంటే అసలు తేడా 120 మాత్రమే. రెండు దారుల వ్యత్యాసంలో సగం, 10 మిల్లీసెకన్లు, తప్పుగా లెక్కలోకి వచ్చింది. 4జీలో పైకీ కిందికీ పట్టే టైము ఎప్పుడూ ఒకటి కాదు, క్షణక్షణం మారుతుంది కూడా. ఎంత మంచి సర్వర్‌ను అడిగినా ఈ తప్పు పోదు. అందుకే ఒక్కో నోడ్ విడిగా బయటికి పోకూడదు. లోపలి రెండు టైము మిషన్లు పోతే, తప్పేదేదో అందరూ కలిసే తప్పుతారు. క్లస్టర్‌కు కావలసింది ముందు అదే.

ఇంటర్నెట్ లేని రోజులకు రెండు దారులు.

ఖర్చు లేనిది: లోపలి రెండు మిషన్లలోనూ ‘లోకల్ స్ట్రాటమ్ 10 ఆర్ఫన్’ అని రాసి, ఒకదాన్నొకటి సర్వర్‌గా చేర్చండి. బయటి టైము పోగానే రెంటిలో ఒకటి పెద్దరికం తీసుకుంటుంది, మిగతావాళ్లంతా దాన్ని అనుసరిస్తారు. క్రోనీ ఆ మిషన్ స్ఫటికం ఎంత తప్పుతుందో డ్రిఫ్ట్ ఫైలులో ముందే నేర్చుకుని ఉంటుంది కనుక మిగిలేది వేడి మార్పుల వల్ల వచ్చే తేడా. 1 పీపీఎం మిగిలిందనుకుంటే మూడు రోజులకు 0.26 సెకను. కోల్డ్ స్టోరేజీ లెక్కలకు అది లెక్కలోది కాదు, అందరూ కలిసే ఉన్నారు గనుక డేటాబేస్‌కూ ఇబ్బంది లేదు. ఇబ్బంది వచ్చేది ఇంటర్నెట్ తిరిగొచ్చిన నిమిషంలో. క్రోనీ డిఫాల్టు వేగం చాలా ఎక్కువ, 1 సెకను తేడాను 12 సెకన్లలో సరిచేసేయగలదు. లోపలి మిషన్ అలా పరుగెత్తితే నోడ్లు ఒక్కోటి ఒక్కో ఆలస్యంతో వెంటపడతాయి. ఆ రెండు మిషన్లలో ‘మ్యాక్స్‌స్లూరేట్ 500’ పెట్టండి. 0.26 సెకను కలవడానికి తొమ్మిది నిమిషాలు పడుతుంది, నోడ్లు విడిపోకుండా వస్తాయి.

రెండో దారి జీపీఎస్. పీపీఎస్ (సెకనుకో దెబ్బ, అంటే విద్యుత్ సంకేతం, ఇచ్చే) పిన్ బయటికి ఇచ్చిన రిసీవర్ మాడ్యూల్, బయట పెట్టే యాక్టివ్ యాంటెనా, రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటరు ఒకటి చాలు. మాడ్యూల్ సీరియల్ తీగ మీద ఇప్పుడు ఏ సెకనో మాటల్లో చెబుతుంది, కానీ 9600 బాడ్ వేగంలో ఆ వాక్యం చేరేసరికి సెకనులో కొన్ని వంతులు గడిచిపోతాయి. సెకను సరిగ్గా ఎప్పుడు మొదలైందో చెప్పేది పీపీఎస్ పిన్ మీద వచ్చే దెబ్బ. రెండూ కావాలి. క్రోనీలో వాక్యాల సోర్సుకు ఎన్‌ఎమ్‌ఈఏ అని పేరుపెట్టి ‘నోసెలెక్ట్’ తగిలించండి, పీపీఎస్ సోర్సుకు ‘లాక్ ఎన్‌ఎమ్‌ఈఏ’ అనండి. వాక్యాల ఆలస్యానికి ‘ఆఫ్‌సెట్ 0.2’తో మొదలుపెట్టి, ఇంటర్నెట్ ఉన్న రోజున బయటి సర్వర్లతో పోల్చి సర్దండి. అది అర సెకను దగ్గరికి తప్పితే పీపీఎస్ పక్క సెకనుకు అతుక్కుంటుంది, అప్పుడు మైక్రోసెకన్ల కచ్చితత్వంతో ఒక సెకను తప్పు టైము వస్తుంది.

ఇక్కడ తప్పేవి ఇవి. యూఎస్‌బీ జీపీఎస్ కొంటే పీపీఎస్ రాదు, వచ్చినా మిల్లీసెకను దాకా ఊగుతుంది. రాస్ప్‌బెర్రీ పై పిన్లు 3.3 వోల్టులవి. 5 వోల్టుల దెబ్బ ఇచ్చే మాడ్యూల్‌ను నేరుగా కలిపితే పిన్ పోతుంది. రేకుల షెడ్డు లోపల ఉపగ్రహాలు దొరకవు. డాబా మీద, కొబ్బరి మట్టల నీడ పడనిచోట, ఆకాశం నలువైపులా కనబడేట్టు యాంటెనా పెట్టి, కేబుల్‌కు పిడుగు అరెస్టర్ వేయండి. చాలాకాలం ఆపి ఉంచి లేపిన రిసీవర్ మొదటి పావుగంట చెప్పేది నమ్మొద్దు. జీపీఎస్ టైము యూటీసీ (ప్రపంచ ప్రామాణిక టైము) కన్నా 18 సెకన్లు ముందుంటుంది. ఆ 18 ఎంతో ఉపగ్రహం సందేశంలో వస్తుంది, సందేశం మొత్తం రావడానికి 12.5 నిమిషాలు. అది అందేదాకా పాత మాడ్యూళ్లు తమలో రాసి ఉన్న పాత అంకె వాడి రెండు మూడు సెకన్లు తప్పు చెబుతాయి. రాస్ప్‌బెర్రీ పై 4 వరకూ బోర్డు మీద గడియారమే లేదు, డీఎస్3231 గడియారం మాడ్యూల్ ఒకటి తగిలించుకోండి. 0 నుంచి 40 డిగ్రీల మధ్య అది 2 పీపీఎం లోపే, ఏడాదికి మహా అయితే 63 సెకన్లు తప్పుతుంది. పై 5లో గడియారం ఉంది, దాని బ్యాటరీ విడిగా కొనాలి.

ప్రశ్న: మా కాక్రోచ్‌డీబీ డేటాబేస్ నోడ్లు మూడూ వర్చువల్ మిషన్లు. రాత్రి స్నాప్‌షాట్ (డిస్కు ఆ క్షణపు నకలు) బ్యాకప్ వేళ ఏదో ఒక నోడ్ 400 మిల్లీసెకన్లు దూరమైందని రాసి తనంతట ఆగిపోతోంది. మ్యాక్స్ ఆఫ్‌సెట్ (నోడ్ల గడియారాల మధ్య ఓర్చే గరిష్ఠ తేడా) పెంచమని ఒకరు సలహా ఇచ్చారు.
— తణుకు

జవాబు: ఆ నోడ్ చేసింది సరైన పనే. మ్యాక్స్ ఆఫ్‌సెట్ డిఫాల్టు 500 మిల్లీసెకన్లు. సగం నోడ్లతో తేడా అందులో 80 శాతం, అంటే 400 దాటితే తప్పు డేటా ఇవ్వడం కన్నా ఆగిపోవడం మేలని అది ఆగుతుంది. స్నాప్‌షాట్ తీసేటప్పుడు హైపర్‌వైజర్ (వర్చువల్ మిషన్లను నడిపే సాఫ్ట్‌వేర్) మిషన్‌ను కాసేపు స్తంభింపజేస్తుంది. లేచాక అది ఇంకా పాత క్షణంలోనే ఉంటుంది. లైవ్ మైగ్రేషన్‌లోనూ (నడుస్తుండగానే వేరే సర్వర్‌కు మార్చడం) అంతే.

అయినా మూడు నోడ్ల డిస్కులను మూడు వేర్వేరు నిమిషాల్లో తీసిన స్నాప్‌షాట్లు క్లస్టర్ బ్యాకప్ కావు, తిరిగి పెడితే ఒకదానికొకటి పొసగవు. డేటాబేస్‌కు తన సొంత బ్యాకప్ ఆదేశం ఉంది, అది వాడి ఈ మిషన్లను స్నాప్‌షాట్ జాబితాలోంచి తీసేయండి. హైపర్‌వైజర్ కేవీఎమ్ అయితే గెస్ట్‌లో (వర్చువల్ మిషన్‌లో) ‘పీటీపీ కేవీఎమ్’ మాడ్యూల్ ఎక్కించి, దానితో వచ్చే పీహెచ్‌సీ గడియారాన్ని క్రోనీలో రిఫ్‌క్లాక్‌గా ఇస్తే హోస్టు (అసలు మిషన్) గడియారం నేరుగా అందుతుంది. వీఎమ్‌వేర్ అయితే టూల్స్‌లో టైము సింక్ ఆపామని ఊరుకోవద్దు. ఆపినా స్నాప్‌షాట్, రెజ్యూమ్, మైగ్రేషన్ సందర్భాల్లో ఒకసారి హోస్టు టైము రుద్దుతుంది. హోస్టే తప్పులో ఉంటే గెస్టూ గెంతుతుంది. ముందు హోస్టులకు ఎన్‌టీపీ పెట్టండి.

ప్రశ్న: ఒక సర్వర్ రీబూట్ అయిన ప్రతిసారీ సరిగ్గా అయిదున్నర గంటలు ముందుకు పోతోంది. బ్యాటరీ మార్చాం.
— కాకినాడ

జవాబు: బ్యాటరీ కాదు. చచ్చిన బ్యాటరీ 19,800 సెకన్లు లెక్కపెట్టి తప్పదు. ఆ మిషన్‌లో విండోస్ కూడా ఉండి ఉంటుంది. విండోస్ బోర్డు గడియారంలో మన టైము రాస్తుంది, లినక్స్ దాన్నే యూటీసీ అనుకుని 5:30 కలుపుతుంది. విండోస్ రిజిస్ట్రీలో ‘రియల్‌టైమ్ ఈజ్ యూనివర్సల్’ను 1 చేయండి, లినక్స్‌లో ‘టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్-లోకల్-ఆర్‌టీసీ 0’. 82.5 డిగ్రీల రేఖ మీ ఊరికి కొద్దిగా తూర్పుగానే పోతుంది కాబట్టి దేశపు టైముకు మీరు దగ్గరి చుట్టాలే, అయినా సర్వర్ లోపల మాత్రం యూటీసీనే ఉంచండి. ఏషియా/కోల్‌కతా తెర మీద చూపడానికి.

ప్రశ్న: మేం ప్రభుత్వ టైము సర్వర్లనే వాడాలా? గూగుల్‌వి కూడా కలిపి పెట్టుకుంటే తప్పా?
— నరసాపురం

జవాబు: దేశపు సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం డేటా సెంటర్లు, కంపెనీలు, ప్రభుత్వ సంస్థలు ఎన్‌ఐసీ (నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్) లేదా ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల టైము సర్వర్లకు గానీ, వాటితో ముడిపడిన సర్వర్లకు గానీ కలవాలి. లాగులు 180 రోజులు ఉంచాలని కూడా అందులోనే ఉంది. సమయ్1, సమయ్2 డాట్ నిక్ డాట్ ఇన్, టైమ్ డాట్ ఎన్‌పీఎల్‌ఇండియా డాట్ ఆర్గ్: ఇవి లోపలి రెండు మిషన్లలో పెడితే నోడ్లకు వాటి ద్వారా అందుతుంది.

గూగుల్‌ది కలపొద్దు. లీప్ సెకను (భూమి తిరుగుడుకు సరిపెట్టడానికి యూటీసీకి కలిపే అదనపు సెకను) వచ్చినప్పుడు గూగుల్ దాన్ని 24 గంటల మీద పలచగా పరుస్తుంది, మిగతావాళ్లు ఒక్కసారిగా కలుపుతారు. రెండు రకాలూ కలిస్తే ఆ 24 గంటల మధ్యలో అర సెకను తేడా కనబడుతుంది. చివరి లీప్ సెకను 2016 డిసెంబర్ 31న వచ్చింది, మనకు అది 2017 జనవరి 1 తెల్లవారి 5:29:60. 2012లో వచ్చినప్పుడు లినక్స్ కెర్నెల్ లోపం వల్ల చాలాచోట్ల సర్వర్లు ప్రాసెసర్ నిండిపోయి స్తంభించాయి. 2035 నాటికి ఈ పద్ధతిని వదిలేయాలని 2022లో అంతర్జాతీయ తూనికలు కొలతల సభ తీర్మానించింది.

ప్రశ్న: గడియారాలు ఎప్పటికీ పూర్తిగా కలవవు అంటున్నారు. మరి గడియారాలు లేకుండానే వరస తేల్చలేమా?
— ఇంజనీరింగ్ విద్యార్థిని, రావులపాలెం

జవాబు: కొంతవరకు తేల్చవచ్చు. లెస్లీ లాంపోర్ట్ 1978లో చూపిన దారి ఇది: ప్రతి మిషన్ ఒక లెక్క ఉంచుకుంటుంది. పని జరిగిన ప్రతిసారీ ఒకటి పెంచుతుంది. సందేశంతో ఆ అంకె పంపుతుంది. అందుకున్నవాడు తన అంకె, వచ్చిన అంకె రెంటిలో పెద్దదానికి ఒకటి కలుపుకుంటాడు. దీనితో కారణానికి ఎప్పుడూ ఫలితం కన్నా చిన్న అంకె వస్తుంది. కానీ ఒకరికొకరు సందేశం పంపుకోని రెండు పనుల్లో నిజంగా ఏది ముందో ఇది చెప్పదు. ‘నిన్న సాయంత్రం 6 గంటలకు నిల్వ ఎంత’ అన్న ప్రశ్నకూ జవాబివ్వదు.

అందుకే 2014లో వచ్చిన హైబ్రిడ్ లాజికల్ క్లాక్ ఆ రెంటినీ కలిపింది: గడియారం టైము ఒక భాగం, దాని పక్కన చిన్న లెక్క ఇంకో భాగం. కాక్రోచ్‌డీబీ వాడేది ఇదే. గూగుల్ డేటాబేస్ స్పానర్ వేరే దారి పట్టింది. 2012 నాటి దాని పత్రంలో గడియారం ఒక్క అంకె చెప్పదు, ‘ఇంతకూ ఇంతకూ మధ్య’ అని చెబుతుంది. ఆ అనిశ్చితి 1 నుంచి 7 మిల్లీసెకన్లు. కమిట్ (రాత ఖాయం) చేసేవాడు ఆ అనిశ్చితి గడిచేదాకా ఆగి అప్పుడు జవాబిస్తాడు. మా అభిప్రాయంలో చదవాల్సింది ముందు ఇదే. గడియారం తప్పుతుందని ఒప్పుకుని, ఎంత తప్పుతుందో లెక్కలోకి తీసుకున్న పద్ధతి.

మీ ప్రాజెక్టుకు ఒక సూచన. ఎంతసేపు పట్టిందో, టైమ్‌అవుట్ అయిందో కొలవడానికి గోడ గడియారం (సిస్టమ్ చూపే తేదీ, టైము) వాడొద్దు. జావాలో ‘నానోటైమ్’, పైథాన్‌లో ‘మోనోటోనిక్’ వాడండి. ఎన్‌టీపీ గడియారాన్ని వెనక్కి గెంటినా అవి వెనక్కి పోవు.

ప్రశ్న: గడియారాల తేడా ఏ అంకె దాటితే అలారం పెట్టాలి?
— పాలకొల్లు

జవాబు: ‘క్రోనీసీ ట్రాకింగ్’లో అందరూ ‘సిస్టమ్ టైమ్’ ఒక్కటే చూసి 0.00002 అని ఉంటే నిశ్చింతగా ఉంటారు. అది క్రోనీ తన అంచనాకు ఎంత దూరంలో ఉందో చెబుతుంది. అంచనాయే ఎంత తప్పు కావచ్చో చెప్పదు. ‘సిస్టమ్ టైమ్’, ‘రూట్ డిస్పర్షన్’, ‘రూట్ డిలే’లో సగం: ఈ మూడూ కలిపితే వచ్చేది గరిష్ఠ తప్పు. దాన్ని నిమిషానికోసారి తీసి దాచండి. ‘మైనస్ సీ’ ఇస్తే కామాలతో వస్తుంది, స్క్రిప్టుకు సులువు. దీనిలో బయటి సర్వర్ దాకా ఉన్న దారి కూడా కలుస్తుంది కాబట్టి 4జీ మీద పెద్దగా కనబడుతుంది, అది సహజం. నోడ్ల మధ్య తేడా కోసం ప్రతి నోడ్‌లో లోపలి మిషన్ లైనులోని ఆఫ్‌సెట్‌ను విడిగా దాచండి.

సెఫ్ అయితే లోపలి తేడా 10 మిల్లీసెకన్లకు హెచ్చరిక, 25కి ఫోన్ మోగాలి. కాక్రోచ్‌డీబీకి 100, 250 చాలు. హెచ్‌బేస్ డేటాబేస్ డిఫాల్టుగా 30 సెకన్లు, లాగిన్ తనిఖీ పద్ధతి కెర్బరోస్ 5 నిమిషాలు ఓర్చుకుంటాయి, వాటి కోసం విడిగా పెట్టనక్కర్లేదు. కసాండ్రా అసలు తేడా ఎంతో చూడనే చూడదు కనుక దానికే అన్నిటికన్నా బిగువుగా, 5 మిల్లీసెకన్లకే హెచ్చరిక పెట్టండి. వీటితో పాటు ‘లీప్ స్టేటస్’ నార్మల్ కాకపోయినా, రీచ్ సున్నా అయినా అలారం రావాలి. తేడా ఇంకా సున్నాగానే కనిపిస్తున్నప్పుడు అసలు జబ్బు అక్కడే ముందు తెలుస్తుంది.

మోగితే ‘డేట్’ కమాండుతో టైము మార్చే పని పెట్టుకోవద్దు. ఆ నోడ్‌లో డేటాబేస్ సర్వీసు ఆపి, సోర్సులు అందుతున్నాయో చూసి, ‘మేక్‌స్టెప్’ కొట్టి, ‘వెయిట్‌సింక్’ ముగిశాక లేపండి.